కొళాయిలో ధార సన్నగా వస్తోందా? ప్రెషర్ పంపు కొనే ముందు ఇవి చూడండి

"పై అంతస్తులో ఉంటున్నాం, షవర్ కింద నిలబడితే తల తడవడం లేదు. ఏ ప్రెషర్ పంపు కొనాలి?" బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. చాలా ఇళ్లలో పంపు అవసరమే ఉండదు. కొళాయి మూతిలో చెత్తో, వాల్వులో ఊడిన వాషరో, పైపులో ఇరుక్కున్న గాలో ఉంటుంది. అడ్డు అలాగే ఉండగా పంపు పెడితే డబ్బూ పోతుంది, పాత పైపుల జాయింట్లూ పోతాయి. అందుకే ఇక్కడ పంపు చివర్లో వస్తుంది.

ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకోండి. ట్యాంకులో నీటి మట్టం కొళాయి కన్నా 10 మీటర్లు పైనుంటే ఒత్తిడి ఒక కేజీ. ప్లంబర్లు కేజీ అంటారు, బార్ అన్నా దాదాపు అదే. అంటే మీటరుకు 0.1 కేజీ.

ముప్పై బై నలభై సైటులో గ్రౌండ్ మీద మూడంతస్తుల ఇల్లు అనుకోండి. ట్యాంకు డాబా మీద చిన్న దిమ్మ మీద ఉంటే, పై అంతస్తు షవర్‌కు అందే ఎత్తు రెండు, రెండున్నర మీటర్లు. ఒత్తిడి పావు కేజీ. అదే ట్యాంకు నుంచి గ్రౌండ్ ఫ్లోర్‌కు కేజీ పైనే వస్తుంది. కాబట్టి కింద ఇంట్లో ధార బాగుండి పై ఇంట్లో లేకపోవడం వింతేమీ కాదు. కింద ఇంట్లో కూడా సన్నగా వస్తుంటే మాత్రం ఎక్కడో అడ్డుందనే లెక్క.

కావలసినవి

లీటరు గీతలున్న బకెట్టు (లేకపోతే లీటరు సీసాతో పది సార్లు పోసి 10 లీటర్ల దగ్గర స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి), ఫోనులో స్టాప్‌వాచ్, సర్దుబాటు స్పానర్, పాత గుడ్డ, టెఫ్లాన్ టేపు, పాత టూత్‌బ్రష్, పిన్నీసు, 50 గ్రాముల నిమ్మ ఉప్పు లేదా వెనిగర్, అరంగుళం రబ్బరు వాషర్లు నాలుగు. గాలి ఇరుక్కుంటే మూడు నాలుగు మీటర్ల హోస్ పైపు, రెండు క్లిప్పులు కూడా కావాలి. ప్రెషర్ గేజీ ఉంటే మంచిది, లేకపోయినా పని జరుగుతుంది. కొంటే 0–2 కేజీల గేజీ అడగండి. షాపులో సాధారణంగా ఇచ్చే 0–7 కేజీల గేజీ మీద పావు కేజీకి ముల్లు కదిలినట్టే కనిపించదు.

అద్దె ఇల్లయితే జాలీలు, వాషర్లు, షవర్ తలలు మీరే చూసుకోవచ్చు. పైపు కోయాల్సి వచ్చినా, గోడలోపలి వాల్వు విప్పాల్సి వచ్చినా ముందు ఓనరుకు చెప్పండి.

1. జబ్బు ఎక్కడుందో తేల్చుకోండి

ఇంట్లోని కొళాయిలన్నీ ఒక్కొక్కటిగా పూర్తిగా తిప్పి చూడండి. ఒకటి తిప్పినప్పుడు మిగతావి కట్టి ఉండాలి.

ఒక్క కొళాయే సన్నగా వస్తే ఆ కొళాయి జాలీలోనో, కింద గోడ దగ్గరుండే చిన్న వాల్వు, అంటే యాంగిల్ కాక్‌లోనో తప్పుంది. వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తే గీజరు దారి చూడాలి. ఒక బాత్రూమంతా అలాగే ఉంటే ఆ బాత్రూమ్ వాల్వు. ఇల్లంతా అలాగే ఉంటే ట్యాంకు దగ్గర వాల్వు, లేదా గాలి, లేదా నిజంగానే ఎత్తు చాలకపోవడం. పొద్దున బాగుండి సాయంత్రానికి తగ్గుతుంటే ట్యాంకులో మట్టం దిగిపోతోందని అర్థం. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నప్పటికీ అడుగంటినప్పటికీ తేడా మీటరు దాకా ఉంటుంది. పై అంతస్తువాళ్లకు ఉన్నదే పావు కేజీ, అందులో 0.1 పోతే షవర్ ఏడుస్తుంది. వీళ్లు ముందుగా చేయాల్సింది మోటారు వేసే వేళ మార్చుకోవడం. స్నానాల వేళకు ట్యాంకు నిండి ఉంటే సగం ఫిర్యాదు పోతుంది.

2. బకెట్టుతో కొలవండి

కొళాయి పూర్తిగా తిప్పి 10 లీటర్లు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. 60 సెకన్లయితే నిమిషానికి 10 లీటర్లు, 75 అయితే 8, 100 అయితే 6, 150 అయితే 4. షవర్‌కు 8 వస్తే హాయిగా ఉంటుంది. వంటింటి సింకుకు 5–6 చాలు.

కొలిచినప్పుడు ట్యాంకు మట్టం ఎంతుందో పక్కనే రాయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. బాగుచేయక ముందు సగం ట్యాంకుతో, బాగుచేశాక నిండు ట్యాంకుతో కొలిచి "బాగైపోయింది" అనుకుంటారు. మర్నాటికి మళ్లీ మొదటికొస్తుంది.

3. కొళాయి మూతి జాలీ

ఎక్కువ ఇళ్లలో కథ ఇక్కడే ముగుస్తుంది. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడే వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు, హొరమావు వంటి చోట్ల ఉప్పు నీళ్ల తెల్లటి పొర జాలీని కొద్ది నెలల్లోనే పూడుస్తుంది. తాగునీటి ప్రమాణం ప్రకారం నీటి గట్టిదనం (హార్డ్‌నెస్) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. మీ నీళ్లు ఎంతో తెలియాలంటే హార్డ్‌నెస్ పరీక్ష చేయించండి. టీడీఎస్ మీటరు చూపించే అంకె, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, ఇది కాదు. ఈ రెంటినీ ఒకటనుకోవడం వల్ల అవసరం లేని సాఫ్ట్‌నర్లు కొన్న ఇళ్లున్నాయి.

జాలీ విప్పే పద్ధతి: కొళాయి మూతికి గుడ్డ చుట్టి స్పానర్ పెట్టండి. గుడ్డ లేకపోతే క్రోమ్ మీద గీతలు పడతాయి. కింది నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. పై నుంచి వంగి చూస్తూ అదే లెక్కన తిప్పితే విప్పడానికి బదులు బిగిస్తారు, కొంతమంది అలాగే మరలు చెడగొట్టుకున్నారు. మూతిలోపలికి దాగి ఉండే జాలీ అయితే కొళాయితో పాటు వచ్చిన చిన్న ప్లాస్టిక్ తాళం కావాలి.

విప్పాక జాలీ లేకుండానే ఒకసారి కొళాయి తిప్పి చూడండి. ధార లావుగా వచ్చిందా, జబ్బు జాలీదే. రాకపోతే జాలీ కడిగి పక్కన పెట్టి తర్వాతి అంచెకు వెళ్లండి.

లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి జాలీని అరగంట నుంచి గంట నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. వెనిగర్ అయినా సరే. రాత్రంతా ఉంచితే క్రోమ్ మెరుపు పోతుంది. షవర్ తల విప్పడానికి రాకపోతే అదే ద్రావణాన్ని ప్లాస్టిక్ కవరులో పోసి తలకు రబ్బరు బ్యాండుతో కట్టి, తర్వాత ఒక్కో రంధ్రాన్నీ పిన్నీసుతో పొడవండి. టాయిలెట్ యాసిడ్ వాడొద్దు. నిమ్మ ఉప్పుతో గానీ వెనిగర్‌తో గానీ బ్లీచింగ్ పౌడర్ కలపడం ఏ పరిస్థితిలోనూ చేయొద్దు, విషవాయువు వస్తుంది.

కొత్త షవర్ తలల్లో రంగు ప్లాస్టిక్ బిళ్ల ఒకటి, నడుమ సన్న రంధ్రంతో ఉంటుంది. నీళ్లు ఆదా చేయడానికి పెట్టినది. పావు కేజీ ఒత్తిడికి అది ఉంటే చినుకులే వస్తాయి. కొళాయిల సంగతి వేరు. 2024 మార్చిలో నీటి కొరత వచ్చినప్పుడు నగర జలమండలి అపార్టుమెంట్లు, హోటళ్లు, ఆఫీసుల్లో ఏరేటర్లు, అంటే నీళ్లు ఆదా చేసే కొళాయి జాలీలు, తప్పనిసరి చేసింది. మీ అపార్టుమెంటులో అవి బిగించి ఉంటే పీకి పారేయకండి, కడిగి మళ్లీ పెట్టండి.

4. యాంగిల్ కాక్, కనెక్షన్ పైపు

జాలీ లేకుండానూ ధార సన్నగా ఉంటే సింకు కిందికి వంగండి. యాంగిల్ కాక్ కట్టి, కొళాయి వైపు వెళ్లే కనెక్షన్ పైపును కాక్ దగ్గర విప్పి, కాక్ మూతిని బకెట్టు వైపు తిప్పి మెల్లగా తెరవండి. ఇక్కడ ధార బాగా వస్తే తప్పు పైపులోనో కొళాయిలోనో ఉంది. ఇక్కడా సన్నగానే ఉంటే కాక్‌లోనో, గోడలోనో, ఇంకా వెనకో ఉంది. ఇలా సగం సగం చేసుకుంటూ వెనక్కి వెళ్తే ఏ అడ్డయినా దొరుకుతుంది.

కనెక్షన్ పైపు లోపలి రబ్బరు గొట్టం ఉబ్బి దారి మూసుకోవడం పాత పైపుల్లో మామూలే. పైకి అల్లిక తళతళలాడుతూ ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. పైపు ఒక చివర నోటితో ఊదండి. గాలి సులువుగా పోకపోతే మార్చేయండి.

కాక్ దగ్గర పాత తిరుగుడు రకాల్లో స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కాడ) చివరి రబ్బరు వాషరు ఊడి దారిలో పడిపోతుంది. పిడి తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పెరగవు. బాత్రూమ్ వాల్వు కట్టి, స్పిండిల్ విప్పి, వాషరు మార్చండి. మూడేళ్లు దాటిన కాక్ అయితే కొత్తదే పెట్టడం నయం. మరల మీద టెఫ్లాన్ టేపు 10–12 చుట్లు, బిగించే దిశలోనే. ఎదురు చుట్టితే బిగించేటప్పుడే ఊడి ముక్కలు నీళ్లలో కలిసి, తిరిగి జాలీకే చేరతాయి.

వాషింగ్ మెషీన్ "నీళ్లు రావట్లేదు" అని ఆగిపోతుంటే దాని వెనక, హోస్ పైపు బిగించే చోట వేలు గోరంత జాలీ ఉంటుంది. ముక్కు పటకారుతో లాగి కడగండి. మెకానిక్కును పిలిచే ముందు ఈ ఒక్క పని చేయండి.

5. మిక్సరు, డైవర్టరు

వేడి, చల్లని నీళ్లు ఒకే పిడితో వచ్చే కొళాయిలో కార్ట్‌రిడ్జ్ ఉంటుంది. రెండు యాంగిల్ కాక్‌లూ కట్టి, పిడి కింది చిన్న స్క్రూ విప్పి, టోపీ తీసి, కార్ట్‌రిడ్జ్ బయటికి లాగి కింది రంధ్రాలు చూడండి. ఇసుక, పీవీసీ రజను ఇక్కడే చేరుతుంది. మార్చాల్సి వస్తే పాతదాన్ని షాపుకు తీసుకెళ్లండి, 35, 40 మిల్లీమీటర్లని రెండు కొలతలుంటాయి. చూసి చెప్పడం కష్టం. గోడలోపలి డైవర్టరు (నీళ్లను షవర్‌కో కొళాయికో మళ్లించేది) మాత్రం అలవాటు లేనివాళ్లు విప్పకపోవడమే మంచిది. పొరపాటు జరిగితే టైల్సు పగలగొట్టాలి.

6. వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తుంటే

ముందు గీజరు స్విచ్చే కాదు, ఎంసీబీ కూడా దించండి. గీజరు కాక్‌లు, కనెక్షన్ పైపులు నాలుగో అంచెలో చెప్పినట్టే పరీక్షించండి. అవి బాగుంటే చల్లని నీళ్లు లోపలికి వెళ్లే చోటున్న సేఫ్టీ వాల్వు పూడుకుని ఉండొచ్చు. దాన్ని విప్పి కడగాలి, లేదా కొత్తది పెట్టాలి. "వాల్వు తీసేస్తే ధార బాగుంటుంది సార్" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గీజరు పేలకుండా ఆపేది అదే. దాని సన్న రంధ్రం నుంచి చుక్కలు పడుతున్నాయని మైనంతో మూసేవాళ్లూ ఉన్నారు. అదీ అంతే ప్రమాదం.

తిరిగి కరెంటు ఇచ్చే ముందు వేడినీళ్ల కొళాయి తిప్పి, గాలి లేకుండా ధార ఒక నిమిషం ఆగకుండా వచ్చాకే ఎంసీబీ లేపండి. ఖాళీ గీజరులో కాయిల్ మాడిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

7. ట్యాంకు దగ్గర

ఇల్లంతా సన్నగా వస్తుంటే డాబా మీదికి వెళ్లండి. ట్యాంకు నుంచి దిగే పైపుకు చక్రం తిప్పే గేట్ వాల్వు ఉంటే ముందు దాన్నే అనుమానించండి. లోపలి పలక కాడ నుంచి తెగి కిందికి జారి ఉంటుంది. చక్రం తిరుగుతుంది, వాల్వు "తెరిచే" ఉంటుంది, నీళ్లు మాత్రం సందులోంచే వస్తాయి. దాని స్థానంలో ఫుల్ బోర్ బాల్ వాల్వు పెట్టించండి. చవకరకం బాల్ వాల్వుల లోపలి రంధ్రం పైపు కన్నా సన్నగా ఉంటుంది, కొనేటప్పుడు కంటికి ఆనించి చూడండి.

ట్యాంకు లోపల బయటికెళ్లే రంధ్రం దగ్గర పాచి, ప్లాస్టిక్ కవరు ముక్క, అడుగు బురద ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. కడిగాక నీళ్లు వదిలే ముందు ఇంట్లో కొళాయిల జాలీలన్నీ విప్పి పెట్టండి. లేకపోతే కదిలిన మట్టంతా వాటిలోకే వస్తుంది. ట్యాంకు కడిగిన మర్నాడే "ఇంకా తగ్గిపోయింది" అనేవాళ్లంతా ఈ పని మరిచినవాళ్లే.

ట్యాంకును ఇటుకల మీద ఇంకో మీటరు ఎత్తుదాం అనే ఆలోచన చాలామందికి వస్తుంది. వచ్చేది 0.1 కేజీ. నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు బరువు టన్ను. ఇంజినీరు చూడకుండా చేసే పని కాదు.

8. గాలి ఇరుక్కుంటే

గుర్తులు: ట్యాంకు పూర్తిగా ఎండి మళ్లీ నిండాక మొదలవుతుంది. కొళాయి తుస్సుమని ఉమ్మి ఆగుతుంది, లేదా ఒక గది వరకే నీళ్లు రావు.

ట్యాంకు నిండా నింపి, గీజరు ఆపి, అన్నింటికన్నా కింద ఉన్న కొళాయి పూర్తిగా తెరవండి. పది నిమిషాలాగి దాని పైవి ఒక్కొక్కటిగా తెరవండి. చాలాసార్లు దీంతోనే పోతుంది. పోకపోతే, ధార బాగున్న కొళాయి నుంచి రాని కొళాయికి హోస్ పైపు వేసి రెండు చివరలా క్లిప్పు బిగించండి. ముందు రాని కొళాయి తెరిచి, తర్వాత వచ్చే కొళాయి తెరిచి ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. డాబా మీద ఒకరు నిలబడితే ట్యాంకులో బుడబుడమని బుడగలు వినిపిస్తాయి. అదే గాలి వెళ్లిపోయిన సూచన. బోర్డు (జలమండలి) లైను నుంచి నేరుగా వచ్చే కొళాయిని మాత్రం దీనికి వాడకండి. మధ్యలో లైను ఒత్తిడి పడిపోతే మీ ట్యాంకు నీళ్లు వెనక్కి ఊరి నీళ్లలో కలుస్తాయి.

ప్రతి నెలా ఇదే తంతయితే గాలి గొట్టం లేదని అర్థం. ట్యాంకు వాల్వు దాటాక ఒక టీ పెట్టి, ముప్పావు అంగుళం పైపు నిలువుగా లేపాలి. దాని కొస ట్యాంకు అంచు కన్నా అడుగు పైకి వెళ్లి కిందికి వంగి ఉండాలి, మూతికి దోమల జాలీ కట్టాలి. వాల్వుకు ముందు పెడితే ఉపయోగం లేదు.

9. పైపు సన్నదైతే

ట్యాంకు నుంచి దిగేది కనీసం అంగుళం, బాత్రూమ్‌కు ముప్పావు, కొళాయి దగ్గర మాత్రమే అరంగుళం ఉండాలి. ముప్పావు బదులు అరంగుళం వేస్తే అదే నీటికి రాపిడి అయిదు రెట్లకు పైనే. ఒక కొళాయి బాగుండి, రెండోది తెరవగానే మొదటిది పడిపోతుంటే సన్న పైపు అనుకోండి. పాత జీఐ పైపులైతే లోపల తుప్పు పేరుకుని అంగుళం పైపు పెన్సిలంత అవుతుంది. దానికి మందు లేదు, మార్చడమే.

10. ఇన్నీ చూశాక, పంపు

అడ్డులేవీ లేవు, పై అంతస్తు, ఎత్తు చాలదు. అప్పుడు పంపు సరైన పనే. ఒకేసారి నడిచేవి లెక్కపెట్టండి: రెండు షవర్లు, ఒక కొళాయి అయితే నిమిషానికి సుమారు 22 లీటర్లు. కావలసిన ఒత్తిడి ఒకటిన్నర కేజీ, అంటే 15 మీటర్లు. షాపులో "నిమిషానికి 25 లీటర్ల దగ్గర 15 మీటర్లు ఇచ్చే పంపు" అని అడగండి. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే గరిష్ఠ హెడ్ (ఎన్ని మీటర్ల ఎత్తుకు నెట్టగలదో) నీళ్లేమీ పారనప్పటి అంకె. దాన్ని చూసి కొంటే మోసపోతారు.

పంపు ట్యాంకు పక్కనే, నీటి మట్టం కన్నా కింద, ఎండా వానా తగలకుండా ఉండాలి. పక్కనే బైపాస్ పైపు, దానిలో పలక రకం నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను ఒక వైపే పోనిచ్చేది) పెట్టించండి. కరెంటు పోయినప్పుడు మామూలు ధారయినా వస్తుంది. స్ప్రింగు రకం పెడితే పావు కేజీకి అది తెరుచుకోకపోవచ్చు. ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. గీజరు మీది లేబుల్‌లో ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో పంపు ఆన్ చేసే ముందే చదవండి. 0.8 ఎంపీఏ అంటే సుమారు 8 కేజీలు.

బోర్డు లైనుకు నేరుగా పంపు బిగించడం నిషేధం. పైగా లైను ఖాళీగా ఉన్నప్పుడు లాగితే లీకుల్లోంచి మురికినీళ్లు వస్తాయి. లైను నీళ్లు సంపులో పడాలి, అక్కడి నుంచి ట్యాంకుకు ఎక్కాలి. లైనులోనే నీళ్లు తగ్గితే జలమండలి నంబరు 1916కు ఫోను చేయండి. స్థానిక ప్లంబరుతో మాట్లాడేటప్పుడు కన్నడంలో కొళాయిని నల్లి అంటారని గుర్తుంచుకోండి. "నల్లి సరి మాడబేకు" అన్నాడంటే మంచం దులపమని కాదు.

ప్రెషర్ ట్యాంకు ఉన్న పంపయితే దానిలోని గాలి ఒత్తిడి పంపు మొదలయ్యే అంకె కన్నా 0.2 కేజీ తక్కువుండాలి. 1.5 దగ్గర మొదలైతే 1.3, టైరు గేజీలో సుమారు 19. పంపు ఆపి, నీళ్లన్నీ వదిలేశాకే కొలవండి. నీళ్లుండగా కొలిస్తే వచ్చేది నీటి ఒత్తిడి.

బిగించిన రోజు రాత్రి కొళాయిలన్నీ కట్టి గంటసేపు వినండి. ఎవరూ వాడకుండానే పంపు కాసేపటికోసారి టక్కుమని మొదలై ఆగుతుంటే ఎక్కడో నీళ్లు పోతున్నాయి. మొదట ఫ్లష్ ట్యాంకు యాంగిల్ కాక్ కట్టండి. చప్పుడు ఆగితే లీకు అక్కడే. ఆగకపోతే హెల్త్ ఫాసెట్ కాక్, ఆ తర్వాత గీజరు సేఫ్టీ వాల్వు చుక్కలు, ఇదే వరుసలో చూసుకుంటూ వెళ్లండి.